చలాన్ వేరు, చెయ్యి చేసుకోవడం వేరు

హైదరాబాద్ మైండ్‌స్పేస్ జంక్షన్ దగ్గర రాత్రి ఎనిమిదింటికి ట్రాఫిక్ పోలీసు ఒక బండిని ఆపాడు అనుకుందాం. బండి మీద ఉన్నది ఫుడ్ డెలివరీ కుర్రాడు. వెనకాల సంచిలో బిర్యానీ చల్లారిపోతోంది, ఫోన్‌లో నిమిషాలు కరిగిపోతున్నాయి. యూటర్న్ దాకా వెళ్తే ఆలస్యమవుతుందని రాంగ్ రూట్‌లో వచ్చాడు. తప్పు చేశాడు, అందులో అనుమానం లేదు. పోలీసు ఫొటో తీశాడు. అది అతని డ్యూటీ. ఆ తర్వాత బండి తాళం లాక్కున్నాడు, 'ఏరా' అన్నాడు, తల్లిని కలిపి ఒక మాట అన్నాడు, చెంప మీద ఒకటి వేశాడు. ఇవేవీ డ్యూటీలో లేవు.

రాత్రి గదికి వెళ్లాక రూమ్మేట్లు అనే మాట ఒకటే: "తప్పు నీదే కదా, ఇంకెవరికి చెప్పుకుంటావ్?" ఈ ఒక్క మాట దగ్గరే చాలా ఫిర్యాదులు పుట్టకముందే ఆగిపోతాయి. ఈ వ్యాసం రాస్తున్నది ఆ మాట తప్పని చెప్పడానికే. రాంగ్ రూట్‌కు చట్టం ఒక జరిమానా పెట్టింది. చెంపదెబ్బ ఆ జరిమానాలో భాగం కాదు. చలాన్ కడితే కుర్రాడి లెక్క తీరిపోతుంది, పోలీసు లెక్క మాత్రం అలాగే మిగిలి ఉంటుంది.

ముందుగా, పోలీసు ఏం చేయవచ్చో తెలియాలి. అది తెలియకుండా రాసిన ఫిర్యాదు మొదటి పేరాలోనే వీగిపోతుంది. 1988 మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ ప్రకారం యూనిఫాంలో ఉన్న ఏ పోలీసు అధికారి అడిగినా డ్రైవరు లైసెన్సు చూపించాలి. "కానిస్టేబుల్‌కు అడిగే హక్కు లేదు, ఎస్సై రావాలి" అని రోడ్డు మీద వాదించేవాళ్లు ఈ సెక్షన్‌ను ఒకసారి చదువుకోవడం మంచిది. అయితే కాగితమే చూపించాలన్న నిబంధన లేదు. డిజిలాకర్‌లో ఉన్న లైసెన్సు, ఆర్సీ కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 139వ రూలు కింద చెల్లుతాయి. లైసెన్సు పోలీసు తన దగ్గర పెట్టుకోవాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. అప్పుడు 206వ సెక్షన్ ప్రకారం దానికి తాత్కాలిక రసీదు ఇవ్వాలి. లైసెన్సు గానీ, రిజిస్ట్రేషన్ గానీ, పర్మిట్ గానీ లేకుండా నడిపే బండిని 207వ సెక్షన్ కింద ఆపి ఉంచవచ్చు. ఇంజను ఆడుతున్న బండి నుంచి తాళం లాక్కోమని మాత్రం ఈ చట్టంలో ఎక్కడా లేదు. ఇదే చట్టంలో 2019 సవరణతో చేరిన 210బి సెక్షన్ గురించి చాలామందికి తెలియదు. చట్టాన్ని అమలు చేయాల్సిన అధికారే ఆ చట్టం కింద నేరం చేస్తే జరిమానా రెట్టింపు.

ఐటీ కారిడార్‌లో శుక్ర, శనివారాల రాత్రుల్లో డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలు మామూలే. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఆల్కహాల్ ఉంటే 185వ సెక్షన్ కింద నేరం. ఆ తనిఖీలు ప్రాణాలు కాపాడుతున్నాయి, వాటికి ఎవరైనా సహకరించాల్సిందే. కానీ తాగి దొరికినవాడి బండికి కూడా ఒక పద్ధతి ఉంది. 2021 నవంబరు 5న తెలంగాణ హైకోర్టులో జస్టిస్ కె. లక్ష్మణ్ ఇచ్చిన తీర్పు దాన్ని స్పష్టంగా చెప్పింది. డ్రైవరు తాగి ఉన్నంత మాత్రాన పోలీసులు బండిని స్వాధీనం చేసుకోకూడదు. పక్కన లైసెన్సు ఉండి, తాగకుండా ఉన్న మనిషి ఉంటే బండి అతనికి ఇవ్వాలి. లేకపోతే బంధువులకో స్నేహితులకో కబురు చేయాలి. ఎవరూ రాకపోతేనే బండిని తాత్కాలికంగా భద్రపరచాలి, తర్వాత కాగితాలు చూపిస్తే తిరిగి ఇచ్చేయాలి. తాగిన మనిషికి కూడా హక్కులు మిగిలి ఉంటాయని కోర్టు చెప్పినప్పుడు, రాంగ్ రూట్‌లో వచ్చినవాడికి ఉండవా?

ఫోన్ సంగతీ చెప్పాలి. 2021 అక్టోబరులో గంజాయి వేట పేరుతో హైదరాబాద్ పోలీసులు బైకులు ఆపి, యువకుల ఫోన్లు తీసుకుని వాట్సాప్‌లో వెతికిన వీడియోలు బయటికొచ్చి పెద్ద చర్చే జరిగింది. ట్రాఫిక్ తనిఖీలో చూపించాల్సింది లైసెన్సు, బండి కాగితాలు. చాట్లు వాటిలో లేవు. డిజిలాకర్ చూపించడానికి తెరిచిన ఫోన్‌ను పోలీసు చేతికి ఇవ్వకుండా, మన చేతిలోనే పట్టుకుని చూపించడం మంచి అలవాటు.

మన కారిడార్‌లో ఇంకో ప్రత్యేకత ఉంది. కూడళ్లలో రేడియం జాకెట్లు వేసుకుని వాహనాలను క్రమబద్ధం చేసేవాళ్లంతా పోలీసులు కారు. ఐటీ కంపెనీలు, పోలీసులు కలిసి నడిపే సొసైటీ ఫర్ సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్ తరఫున పనిచేసే ట్రాఫిక్ వలంటీర్లు కూడా వాళ్లలో ఉంటారు. ఎండలో వాళ్లు చేసే పని విలువైనదే. కానీ పోలీసు అధికారాలు పోలీసుకే ఉంటాయి. అందుకే ఫిర్యాదు రాసే ముందు మనతో గొడవ పడినది కానిస్టేబులా, హోంగార్డా, వలంటీరా అన్నది గుర్తు తెచ్చుకోవాలి. ఎవరి మీద ఫిర్యాదన్నదాన్ని బట్టే విచారణ ఎవరు చేయాలో తేలుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. రోడ్డు మీద గొడవలో గెలవాలని చూడకండి. పోలీసు మీద చెయ్యి పడినా, నెట్టినా భారతీయ న్యాయ సంహిత 132వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు పడే కేసు మన మీదే పడుతుంది. అప్పటి నుంచి చర్చంతా మన ప్రవర్తన గురించే సాగుతుంది. బహిరంగ రోడ్డు మీద డ్యూటీలో ఉన్న పోలీసును వీడియో తీయకూడదన్న చట్టం ఏదీ లేదు. పోలీస్ స్టేషన్ కూడా అధికార రహస్యాల చట్టం కింద నిషిద్ధ ప్రదేశం కాదని 2022లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి చెప్పింది. అయితే ఫోన్ మొహం మీద పెట్టి రెచ్చగొట్టడం వేరు, పక్కన నిలబడి తీయడం వేరు. వీడియో తీసే వీలు లేకపోతే ఛాతీ మీద ఉన్న పేరు, బండి నంబరు, టైము, పక్కన ఉన్న మెట్రో పిల్లరు నంబరో షాపు పేరో గుర్తుపెట్టుకుని, అక్కడి నుంచి కదిలిన వెంటనే మన ఫోన్ నుంచి మనకే ఒక మెసేజ్ పంపుకోవాలి. రెండు వారాల తర్వాత విచారణాధికారి అడిగినప్పుడు ఆ మెసేజ్ మీద ఉన్న టైమే మన తరఫున మాట్లాడుతుంది.

ఇంగ్లండులో పోలీసు ఎవరినైనా ఆపి సోదా చేస్తే దాన్ని రాసి పెట్టాలి, ఆ రికార్డు కాపీని ఆ మనిషి అడిగి తీసుకోవచ్చు. మన దగ్గర చలాన్ రాయకుండా ఆపి, తిట్టి పంపిస్తే ఎక్కడా ఒక అక్షరం కూడా మిగలదు. అందుకే మనం రాసే ఫిర్యాదే ఆ సంఘటనకు మొదటి రికార్డు. చలాన్ రాసి ఉంటే మాత్రం అది మనకే పనికొస్తుంది. తెలంగాణ ఈ-చలాన్‌లో తేదీ, టైము, స్థలం, ఏ కమిషనరేట్, ఏ పోలీస్ స్టేషన్ పరిధి అన్నీ ఉంటాయి. ఆ టైముకు అధికారి ఆ కూడలిలోనే ఉన్నాడనడానికి సాక్ష్యం పోలీసు శాఖే రాసి ఇచ్చినట్టు. కోపంతో చలాన్ చింపేసేవాళ్లు తమ సాక్ష్యాన్ని తామే చింపుకుంటున్నారు.

ఈ పరిధి కూడా ముఖ్యమే. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద ఒక చివర మాదాపూర్, అంటే సైబరాబాద్. రెండో చివర జూబ్లీహిల్స్, అంటే హైదరాబాద్ కమిషనరేట్. నాలుగు అడుగుల తేడాతో ఫిర్యాదు వేరే ఆఫీసుకు వెళ్లాల్సి రావచ్చు. ఏ వైపు ఆపారో తెలియకపోతే ఇద్దరు కమిషనర్లకూ పంపడంలో తప్పు లేదు.

ఎవరికి రాయాలి? అదే ట్రాఫిక్ స్టేషన్ ఇన్‌స్పెక్టర్‌కు ఇస్తే తన కింద పనిచేసేవాడి మీద తనే విచారించాలి. నా సలహా, ట్రాఫిక్ డీసీపీ పేరున రాసి గచ్చిబౌలిలోని సైబరాబాద్ కమిషనరేట్‌లో ఇచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకోవడం. వెళ్లలేకపోతే స్పీడ్ పోస్టు. ఎక్స్‌లో సైబరాబాద్ ట్రాఫిక్ పోలీసులను ట్యాగ్ చేస్తే తొందరగా స్పందిస్తారన్నది నిజమే. కానీ ట్వీటుకు ఫైలు నంబరు ఉండదు. ట్వీటు పెట్టినా, కాగితం కూడా ఇవ్వాలి.

ఈ తేడా ఎంత ముఖ్యమో 2021 మే నెల చెప్పింది. లాక్‌డౌన్‌లో మే 22న నగరంలో స్విగ్గీ, జొమాటో డెలివరీ కుర్రాళ్లను పోలీసులు ఆపి బండ్లు పట్టుకున్నారు, లాఠీ దెబ్బలు తిన్నవాళ్లూ ఉన్నారు. సోషల్ మీడియాలో గగ్గోలు పుట్టింది, అప్పటి మంత్రి కేటీఆర్ స్పందించారు, అధికారులు కంపెనీల వాళ్లతో మాట్లాడారు, డెలివరీలు మళ్లీ మొదలయ్యాయి. ఆన్‌లైన్ గోల వల్ల ఆర్డర్లు కదిలాయి. దాన్ని చిన్నది చేయను. కానీ వీపు మీద వాత తేలిన కుర్రాడికి, తన పేరుతో, కొట్టినవాడి పేరుతో ఒక విచారణ జరగాలంటే తన సంతకంతో ఒక కాగితం ఉండాల్సిందే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఎక్స్‌లో వేలమంది ఫాలోయర్లు ఉండవచ్చు. క్యాబ్ డ్రైవరుకు, డెలివరీ కుర్రాడికి ఆ కాగితమే దిక్కు. అది తెలుగులో రాసినా చెల్లుతుంది.

దెబ్బ తగిలితే ఇంటికి వెళ్లకముందే ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. ఈ ప్రాంతానికి కొండాపూర్ ఆసుపత్రి దగ్గర. డాక్టరుకు ఎవరు కొట్టారో చెప్పి, మెడికో లీగల్ కేసుగా రాయమనాలి. చెంపదెబ్బ లాంటి చిన్న గాయం చట్టం దృష్టిలో నాన్ కాగ్నిజబుల్, అంటే మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. ఎముక విరిగితే సంగతి వేరు. ఎఫ్ఐఆర్ రాయాల్సిన కేసులో స్టేషన్ నిరాకరిస్తే, 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173(4) ప్రకారం పైఅధికారికి పోస్టులో పంపవచ్చు, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లవచ్చు.

డబ్బులు అడిగితే దారి పూర్తిగా వేరు. రసీదు లేకుండా చేతిలో పెట్టమన్నది జరిమానా కాదు, లంచం. అది ఏసీబీ పని, టోల్‌ఫ్రీ నంబరు 1064. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇవ్వడమూ నేరమే. అయితే బలవంతం మీద ఇచ్చినవాడు 7 రోజుల్లోగా ఫిర్యాదు చేస్తే అతనికి రక్షణ ఉంది. ఎనిమిదో రోజుకు వాయిదా వేస్తే ఆ రక్షణ ఉండదు.

పోలీసు శాఖ నుంచి జవాబు రాకపోతే రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, కానీ సంఘటన జరిగిన ఏడాదిలోపే వెళ్లాలి. ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు ప్రతి రాష్ట్రంలో పోలీసు ఫిర్యాదుల అథారిటీ పెట్టమంది. అది ప్రధానంగా కస్టడీ మరణాలు, తీవ్ర గాయాలు, డబ్బు గుంజడం లాంటి పెద్ద తప్పుల కోసం ఆలోచించిన వ్యవస్థ. చెంపదెబ్బకు, బూతుకు హక్కుల కమిషనే దగ్గరి దారి అని నా అభిప్రాయం. ఇక సమాచార హక్కు దరఖాస్తు. "ఫలానా తేదీన ఇచ్చిన నా ఫిర్యాదు మీద ఏ అధికారి విచారించారు, ఏం తేల్చారు" అని 10 రూపాయల ఫీజుతో అడిగితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కూడలిలోని సీసీ కెమెరా ఫుటేజి ఎల్లకాలం దాచరు. దాన్ని భద్రపరచమని మొదటి ఫిర్యాదులోనే ఒక వాక్యం రాయాలి.

ఫలితం ఎలా ఉంటుంది? ఏసీపీ స్థాయి అధికారి పిలిచి వాంగ్మూలం తీసుకుంటారు. నిజమని తేలితే మెమో, ఇంక్రిమెంటు కోత, ఇంకా పెద్దదైతే సస్పెన్షన్. తరచూ వినిపించేది 'హెడ్‌క్వార్టర్స్‌కు అటాచ్ చేశారు' అన్న వార్త. అది శిక్ష కాదు, విచారణ జరిగేలోపు పక్కకు తప్పించడం మాత్రమే. ఆ వార్త చూసి కేసు అయిపోయిందనుకుని ఊరుకోకూడదు. విచారణకు పిలిచినప్పుడు వెళ్లాలి, రాజీ పడమని ఫోన్ వస్తే ఆ సంగతీ రాసి ఇవ్వాలి. జరిగినదానికి ఒక్క ముక్క కూడా కలపకూడదు. పోలీసును ఇరికించాలని అబద్ధపు ఫిర్యాదు ఇస్తే ఏడాది దాకా జైలు పడే నేరం. పైగా దుమ్ములో, పొగలో ఎనిమిదేసి గంటలు నిలబడే నిజాయితీపరుడైన కానిస్టేబుల్‌కు అది చేసే అన్యాయం ఇంకా పెద్దది.

మన కుర్రాడి ఫిర్యాదు ఇంత చిన్నదిగా ఉంటే చాలు:

"సైబరాబాద్ ట్రాఫిక్ డీసీపీ గారికి. నిన్న రాత్రి 8 గంటల 10 నిమిషాలకు మైండ్‌స్పేస్ జంక్షన్ దగ్గర నేను రాంగ్ రూట్‌లో వచ్చాను. చలాన్ నంబరు కింద రాశాను. అక్కడ డ్యూటీలో ఉన్న అధికారి నా బండి తాళం తీసుకుని, నా తల్లిని తిట్టి, నా ఎడమ చెంప మీద కొట్టారు. నేను ఎదురు తిరగలేదు. ఆసుపత్రి కాగితం జతచేశాను. ఆ కూడలి కెమెరా ఫుటేజి భద్రపరచి విచారణ జరపమని కోరుతున్నాను. చలాన్ డబ్బులు ఈ రోజే కట్టేశాను. ఈ ఫిర్యాదు చలాన్ గురించి కాదు."