మిల్లు మన దగ్గరికొస్తే సరా? వాటా మన చేతికి రావాలి!

వరి కోతలు మొదలయ్యాయంటే చాలు, కోదాడ, హుజూర్‌నగర్, నేరేడుచర్ల వైపు నుంచి మిర్యాలగూడ పోయే దారుల్లో వడ్ల ట్రాక్టర్లు బారులు తీరుతాయి. హార్వెస్టరు కోసి నేరుగా ట్రాక్టరులో పోసిన పచ్చి వడ్లు అవి. కల్లం లేదు, ఆరబోత లేదు. మబ్బు పడితే భయం, ఒక రోజు ఆగితే వడ్లు వేడెక్కుతాయని భయం. మిల్లు గేటు దాకా వెళ్లాక ధర చెప్పేది రైతు కాదు. చెప్పిన ధరకు పోయకుండా వెనక్కి తిప్పుకుపోదామంటే ట్రాక్టరు కిరాయి మీద పడుతుంది. ఈ ఆయకట్టులో వరి వేసే వారికి ఇది చెప్పక్కర్లేని సంగతి.

మరోపక్క, "మన ప్రాంతానికి ఫుడ్ ప్రాసెసింగ్ పరిశ్రమలు రావాలి, పెట్టుబడులు రావాలి" అన్న మాట సభల్లో తరచుగా వింటుంటాం. రావాలి, కాదనేవారెవరు? అయితే ఒక్క సంగతి ఆలోచించండి. మన దగ్గర పరిశ్రమ ఎప్పుడో వచ్చింది. మిర్యాలగూడ చుట్టూ ఉన్న రైస్ మిల్లులు ప్రాసెసింగ్ పరిశ్రమ కాక మరేమిటి? పరిశ్రమ ఉండి కూడా ఎకరం, రెండెకరాల రైతు గేటు దగ్గర పడిగాపులు కాస్తున్నాడంటే లోపం ఎక్కడుంది? పెట్టుబడి రావడం ఒక ఎత్తు. అందులో రైతుకు వాటా దక్కడం మరో ఎత్తు. ఈ రెండో దాని గురించే ఈ వారం చెప్పుకుందాం.

నీళ్లొచ్చాయి, వెనకే మిల్లులొచ్చాయి

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ, అంటే లాల్‌బహదూర్ కాలువ కింద జొన్న, సజ్జ పండిన చెలకలు వరిమళ్లయ్యాయి. వడ్లు గుట్టలుగా వచ్చేసరికి వాటిని వెతుక్కుంటూ మిల్లులు వచ్చాయి. ఉప్పుడు బియ్యానికి కేరళ, తమిళనాడుల్లో గిరాకీ ఉంది కాబట్టి బాయిల్డ్ మిల్లులు పెరిగాయి. మిల్లులు ఒక్కచోట చేరేసరికి తవుడు నూనె తీసే ప్లాంట్లకూ సరుకు దొరికింది. లారీలు, గోదాములు, మిషన్లు బాగుచేసే షెడ్లు, హమాలీల పని అన్నీ వాటి వెంటే.

దీన్నిబట్టి తెలిసేదేమిటి? పెట్టుబడి సభలో పిలిస్తే వచ్చేది కాదు. సరుకు ఎక్కడ దండిగా, నమ్మకంగా దొరుకుతుందో అక్కడికే వస్తుంది. సరుకు మన దగ్గరుంది. ఆ బలం మనదే. కానీ ఎవరి ట్రాక్టరు వారు తోలుకుపోయి, ఎవరికి వారు గేటు దగ్గర నిలబడితే ఆ బలం చెల్లాచెదురవుతుంది.

వంద కిలోల వడ్లలో ఏముంది?

ఆరిన వడ్లు వంద కిలోలు ఆడిస్తే సుమారు 67 కిలోల బియ్యం వస్తాయి. ప్రభుత్వానికి మిల్లులు అప్పగించాల్సిన లెక్క కూడా పచ్చి బియ్యానికి 67, ఉప్పుడు బియ్యానికి 68 కిలోలే. ఊక 20 కిలోల దాకా, తవుడు 8 కిలోల దాకా ఉంటుంది. బియ్యంలోంచి నూకలు వేరవుతాయి.

ఇందులో పారేసేది ఏదీ లేదు. ఊక బాయిలరు కింద మంట అవుతుంది, ఇటుక బట్టీలకూ పోతుంది. తవుడులో వందకు 15 నుంచి 20 పాళ్లు నూనె ఉంటుంది. అంటే క్వింటా వడ్ల తవుడులో కిలో పైచిలుకు నూనె ఉందన్నమాట. నూనె తీసిన చెక్క పశువుల దాణాలోకి, కోళ్ల దాణాలోకి పోతుంది. పచ్చి తవుడు త్వరగా పులిసి ముక్కిపోతుంది కాబట్టి నూనె ప్లాంటు మిల్లులకు దగ్గరగా ఉండాలి. రైతు మాత్రం వడ్ల ధర తీసుకుని ఇంటికి వస్తాడు. ఆ తర్వాత జరిగే ప్రతి బేరంలోనూ పెరిగే విలువ మరొకరిది. మిల్లు పెట్టినవాడు అప్పు తెచ్చాడు, కరెంటు బిల్లు కడుతున్నాడు, అతని లాభం అతనికి ఉండాల్సిందే. రైతుకు ఏ మెట్టు దాకా వాటా అన్నదే ప్రశ్న.

పచ్చి వడ్ల లెక్క మీరే వేయండి

హార్వెస్టరు కోసిన వడ్లలో తేమ 22 నుంచి 25 శాతం దాకా ఉంటుంది. కొనుగోలు కేంద్రంలో ఒప్పుకునేది 17 శాతం. 24 శాతం తేమ ఉన్న వంద కిలోల వడ్లు 17 శాతానికి ఆరితే సుమారు 91 కిలోలన్నర మిగులుతాయి. ఎనిమిదిన్నర కిలోల నీరు పోయిందన్నమాట.

2025-26 సీజనుకు ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాకు రూ.2,389. దీన్నిబట్టి 24 శాతం తేమతో గేటు దగ్గర పోసిన క్వింటా పచ్చి వడ్లకు రూ.2,187 పడితే రెండూ సమానం. అంతకంటే తక్కువకు పోశారంటే నీటి తరుగు పేరుతో గింజ ధర కూడా పోయినట్టే. తెలంగాణలో 2024 వానాకాలం నుంచి సన్నవడ్లకు క్వింటాకు రూ.500 బోనస్ మొదలైంది. అది కొనుగోలు కేంద్రంలో అమ్మినవారికే. బోనస్ పడిందనుకుంటే సమానమయ్యే ధర రూ.2,645 దగ్గరకు వస్తుంది. ఇందులోంచి ఆరబోత కూలీ, పట్టాల కిరాయి, కల్లం కాడ కావలి ఖర్చు తీసేయండి. మిగిలిన అంకెతో గేటు ధర పోల్చుకోండి. కొన్నిసార్లు పచ్చి వడ్లు పోయడమే మేలనిపించవచ్చు. కానీ లెక్క వేసి పోయడం వేరు, గత్యంతరం లేక పోయడం వేరు.

రైతుకు గత్యంతరం ఎందుకు లేదు? ఆరబోసే జాగా లేదు, మనుషులు దొరకరు, అప్పు వాయిదా ముంచుకొస్తుంది. అందుకే మన ప్రాంతానికి ముందుగా కావాల్సిన పెట్టుబడి మరో పెద్ద మిల్లు కాదు. ఊరి దగ్గర సిమెంటు కల్లం, వడ్లు ఆరబెట్టే డ్రయ్యరు, తూర్పారబట్టే మిషను, గోదాము. ఇవి ఉంటే రైతు నాలుగు రోజులు ఆగగలడు. ఆగగలిగినవాడే బేరం ఆడగలడు.

పెట్టుబడి పెట్టేవాడు ఏం చూస్తాడు?

కంపెనీ మనిషి వచ్చాడనుకోండి. రాయితీల కంటే ముందు అతను అడిగేవి ఇవి. ఏడాదికి ఎన్ని నెలలు మిషను తిరుగుతుంది? ఒకే రకం సరుకు ఎన్ని టన్నులు దొరుకుతుంది? తేమ ఎంత, తాలు ఎంత? దారి ఎలా ఉంది?

దారికి మనకు లోటు లేదు. కోదాడ హైదరాబాదు, విజయవాడల మధ్య 65వ నంబరు జాతీయ రహదారి మీదే ఉంది. చిక్కు మిగతా వాటిలో ఉంది. సాగర్ నిండని ఏడాది యాసంగి ఎండుతుంది. నిండిన ఏడాదీ గండం తప్పదు. 2024 సెప్టెంబరు మొదట్లో వచ్చిన వరదకు నడిగూడెం మండలంలో ఎడమ కాలువకే గండి పడింది. రకాల సంగతి మరీ గందరగోళం. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబమసూరి (బీపీటీ 5204), రాజేంద్రనగర్ నుంచి వచ్చిన తెలంగాణ సోనా (ఆర్‌ఎన్‌ఆర్ 15048), ఇంకా కంపెనీల రకాలు పక్కపక్క మళ్లలో ఉంటాయి. అన్నీ కలిసిన కుప్పకు మంచి బియ్యం ధర పెట్టి ఎవరు కొంటారు? ఒక ఊళ్లో వంద ఎకరాలు ఒకే రకం వేస్తే, కొనేవాడే మీ ఊరికి వచ్చి అడుగుతాడు.

ఫ్యాక్టరీలున్నా రైతులు నలిగిన చోటు

ఫ్యాక్టరీ వస్తే ధర దానంతటదే వస్తుందనుకునేవారు చిత్తూరు వైపు చూడాలి. తోతాపురి మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలు అక్కడ చాలానే ఉన్నాయి. అయినా 2025 వేసవిలో కాయ ధర పడిపోయింది. అంతకు ముందటి ఏడాది గుజ్జు అమ్ముడుపోక నిల్వలు మిగిలాయి. కాయ ట్రాక్టర్లు ఫ్యాక్టరీల ముందు రోజుల తరబడి నిలిచాయి. చివరకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫ్యాక్టరీలు కిలోకు రూ.8 ఇవ్వాలని, దానిపై తాను రూ.4 కలుపుతానని చెప్పాల్సి వచ్చింది. ముందుగా రాసుకున్న ఒప్పందం లేకపోతే పది ఫ్యాక్టరీలున్నా రైతు క్యూలోనే నిలబడతాడు.

ఆయిల్ పామ్ సంగతి వేరు. 1993లో ఉమ్మడి రాష్ట్రంలో చట్టం చేశారు. ఏ ఫ్యాక్టరీకి ఏ మండలాలో ముందే పంచారు. ఆ మండలాల్లో పండిన గెలలు ఆ ఫ్యాక్టరీ కొనితీరాలి. ధర గేటు దగ్గర నోటిమాట కాదు, నూనె శాతాన్నిబట్టి లెక్క కట్టేది. అశ్వారావుపేట వైపు రైతులకు ఇది బాగా తెలుసు. నూనె ధర పడిపోతే గెల ధరా పడుతుంది, ఆ బాధ వారికీ ఉంది. కానీ కొనేవాడెవరో, లెక్క ఏమిటో మొక్క నాటే రోజే తెలుసు.

ముల్కనూరు చూపిన దారి

ఇంకో దారి ఉంది. పెట్టుబడి కొంత రైతులదే కావడం. పాత కరీంనగర్ జిల్లా, ఇప్పటి హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలంలోని ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి పూనికతో సహకార సంఘం మొదలైంది. అప్పు ఇచ్చేదీ సంఘమే, ఎరువు ఇచ్చేదీ సంఘమే, పంట కొనేదీ సంఘమే. సంఘానికి సొంత రైస్ మిల్లు, విత్తన శుద్ధి కేంద్రం ఏర్పడ్డాయి. లాభం వస్తే సభ్యులకు పంచే పద్ధతి పెట్టుకున్నారు. అదే ఊళ్లో మహిళలు 2000 తర్వాత సొంత డెయిరీ పెట్టి, స్వకృషి పేరుతో పాలు అమ్మారు.

అక్కడ సాగర్ కాలువ లేదు. సభ్యుడు తీసుకున్న అప్పు కట్టాలి, పంట సంఘానికే పోయాలి అన్న కట్టుబాటు ఉంది. నాలుగు రూపాయలు ఎక్కువ ఇస్తానన్న దళారికి పోస్తే మిల్లు ఖాళీగా నిలబడుతుందని వారికి అర్థమైంది. సంఘాలు పెట్టి చెడిన ఊళ్లూ లేకపోలేదు. చెడినచోట చాలాసార్లు చెడింది ఈ కట్టుబాటే.

పథకాల్లో ఏముంది?

2020లో కేంద్రం మూడు పథకాలు తెచ్చింది. చిన్న ఆహార యూనిట్ల పథకం (పీఎంఎఫ్ఎంఈ) కింద పప్పు మిల్లు, కారం గిర్ని, పిండి గిర్ని వంటి వాటికి ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా రూ.10 లక్షల దాకా రాయితీ పెట్టారు. బ్యాంకు అప్పు తీసుకోవాలి, కనీసం 10 శాతం మన చేతి సొమ్ము ఉండాలి. వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద గోదాము, డ్రయ్యరు వంటి వాటికి రూ.2 కోట్ల దాకా అప్పుపై ఏడేళ్లు 3 శాతం వడ్డీ తగ్గింపు ఇచ్చారు. మూడోది రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకం. మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది రైతులు కలవాలి. సభ్యుడు పెట్టిన వాటా సొమ్ముకు రూ.2 వేల దాకా అంతే మొత్తం కలిపి, సంఘానికి రూ.15 లక్షలకు మించకుండా ఇస్తారని నియమం. లెక్క చూడండి. 300 మంది తలా రూ.2 వేలు వేస్తే 6 లక్షలు. దానికి మరో 6 లక్షలు కలిస్తే 12 లక్షలు. ఒక్క రైతుకు రూ.2 వేలు బస్తా వడ్ల పైచిలుకు సొమ్ము. అందరూ కలిస్తే బ్యాంకు ముందు తలెత్తి నిలబడే మొత్తం.

పథకాల గడువులు మారుతుంటాయి. దరఖాస్తుకు ముందు జిల్లా పరిశ్రమల కేంద్రంలో, వ్యవసాయ శాఖ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. రాయితీ ఇప్పిస్తామని కమీషన్ అడిగేవారి జోలికి పోవద్దు. రాయితీ కోసం యూనిట్ పెట్టొద్దు. సరుకు ఉండి, కొనేవాడు తేలాకే పెట్టండి.

ఈ సీజను నుంచే చేయదగ్గవి

* ఊళ్లో ఇరవై, ముప్పై మంది కూర్చుని వచ్చే సీజనుకు ఒకే రకం వరి ఎంచుకోండి. నార్లు ఒకే వారంలో పోస్తే కోతలూ ఒకేసారి వస్తాయి.

* అందరూ కలిసి తేమ కొలిచే మిషను ఒకటి కొనుక్కోండి. మీ వడ్ల తేమ ముందు మీకు తెలియాలి. ఆ తర్వాతే గేటు దగ్గరికి.

* ఒక్కో రైతు కాకుండా పది ట్రాక్టర్ల వడ్లకు ఒక్క బేరం ఆడండి. పొలం కోయకముందే మాట్లాడండి. కోసిన తర్వాత మాట చెల్లదు.

* ఒప్పందం తెలుగులో, కాగితం మీద రాసుకోండి. 17 శాతం తేమకు ధర ఎంత, ఆపై ఒక్కో శాతానికి కోత ఎంత, కాంటా ఎవరిది, సొమ్ము ఎన్ని రోజుల్లో, ఆలస్యమైతే వడ్డీ ఎంత అన్నవి అందులో ఉండాలి. కాంటా చీటీలు దాచుకోండి.

* సొంత యూనిట్ ఆలోచన ఉంటే రైస్ మిల్లుతో మొదలెట్టొద్దు. కల్లం, డ్రయ్యరు, గోదాముతో మొదలెట్టండి. మిరప, కంది పండే చోట కారం గిర్ని, పప్పు మిల్లు చిన్న పెట్టుబడితో నడుస్తాయి.

రేపు మీ మండలంలో పరిశ్రమకు భూమి చూస్తున్నారంటే సంతోషించండి, కానీ ఊరుకోవద్దు. గ్రామసభలో నాలుగు ప్రశ్నలు అడగండి. మా సరుకు ఎంత కొంటారు? ఏ లెక్కన ధర కడతారు? పంట ఎక్కువొచ్చిన ఏడాది కొంటారా, చేతులెత్తేస్తారా? మా సంఘానికి అందులో వాటా ఇస్తారా? జవాబులు కాగితం మీదికి రావాలి. భూమి ఇవ్వకముందే రావాలి. ఇచ్చేశాక అడిగితే, కోసిన వడ్లు తీసుకుని గేటు దగ్గర బేరం ఆడినట్టే ఉంటుంది.