పది ప్రశ్నలు, ఇంటిల్లిపాదీ

ఆదివారం పేపరు వస్తే మా ఇంట్లో ముందు చూసేది చివరి పేజీలో వుండే పది ప్రశ్నలు. జవాబులు మళ్లీ ఆదివారమే వస్తాయి. ఈ పది ప్రశ్నలతో టేకల్‌లో మా ఇల్లు రెండేండ్లుగా కుస్తీ పడతా వుంది. పదికి పది వచ్చిన వారం ఇంతవరకూ లేదు. అయినా మానలేదు. ఎందుకో చెప్తాను.

ప్రశ్నలు తెలుగులో వుంటాయి. మా పిల్లలు చదివేది కన్నడ మీడియం. ఇంట్లో మాట తెలుగే గానీ అక్షరాలు వాళ్లకి రావు. మా ఇంటాయన కుప్పం పక్క పల్లెలో ఏడో తరగతి దాకా తెలుగు చదివి, తర్వాత మిల్లులో చేరిన మనిషి. కాబట్టి ఆయన గట్టిగా చదవాల, పిల్లలు వినాల. బుధవారం దాకా ఫోను ముట్టకూడదని పెట్టుకున్నాం. అప్పటిదాకా పుస్తకాల్లో వెతకొచ్చు, మనుషుల్ని అడగొచ్చు.

మొదట్లో చానా గొడవలయినాయి. ఒక వారం, విశ్వేశ్వరయ్య పుట్టిన ముద్దేనహళ్లి ఏ జిల్లాలో వుందని అడిగినారు. "కోలారు, అది కూడా తెలీదా" అన్నాడు మా ఆయన. "చిక్కబళ్లాపురం. నీకేం తెలుసు నాయనా, అంతా పాతకాలం మాట" అనేసింది పెద్దపాప. ఆయన పేపరు మడిచి పెట్టి, మాట్లాడకుండా నైట్ షిఫ్టుకి పోయినాడు.

తర్వాత చూస్తే ఇద్దరిదీ తప్పు కాదు. ముద్దేనహళ్లి మొదట మన కోలారు జిల్లాలోనే వుండేది. 2007లో చిక్కబళ్లాపురం వేరే జిల్లా అయింది. ఊరు కదల్లేదు, గీత కదిలింది. ఆంధ్రప్రదేశ్ జిల్లాల లెక్క కూడా అంతే. పాత గైడులో 23 అని వుంటుంది. తెలంగాణ వేరయినాక 2014లో 13 మిగిలినాయి. 2022 ఏప్రిల్‌లో వాటిని 26 చేసినారు. పాపకి పోటీ పరీక్షలకని సెకండ్ హ్యాండ్‌లో కొన్న గైడులో ఇట్లాంటి పాత జవాబులు ఎన్నో బయటపడినాయి. ఈ ఆదివారం ఆట లేకపోతే అవే బట్టీ పట్టి పరీక్ష రాసుండేది. ఇప్పుడు ప్రతి జవాబు పక్కనా ఏ సంవత్సరానిదో రాసుకుంటుంది.

ఇంకో వారం, దేశంలో అన్నిటికంటే లోతయిన బంగారు గని ఏదని వచ్చింది. దానికి పుస్తకం అక్కరలేదు. మా నాయన కేజీఎఫ్‌లో పని చేసి, 2001 ఫిబ్రవరి 28న గనులు మూసినప్పుడు ఇంటికొచ్చిన మనిషి. ఫోను చేస్తే, "ఛాంపియన్ రీఫ్. మూడు కిలోమీటర్ల పైనే లోతు. కింద రాయి ముట్టుకుంటే కాలేది" అన్నాడు. ప్రపంచంలో అయితే దక్షిణాఫ్రికాలోని పొనెంగ్ గని, దాదాపు నాలుగు కిలోమీటర్లు.

"తాతా, ఇంకేమన్నా చెప్పు" అని పిల్లలు పట్టుకుంటే, బొంబాయి నుంచి సైంటిస్టులు వచ్చి గని లోపల పెద్ద పెద్ద యంత్రాలు పెట్టిన సంగతి చెప్పినాడు. అదేందో అని పాప లైబ్రరీలో వెతికింది. 1965లో గాలి మండలంలో పుట్టే న్యూట్రినోలను మన కేజీఎఫ్ గనిలో పట్టినారంట. అదే ఏడాది దక్షిణాఫ్రికా బంగారు గనిలోనూ పట్టినారు. పైనున్న రాయి మిగతా కణాల్ని ఆపేస్తుంది, న్యూట్రినో మాత్రం దూరి వస్తుంది. అందుకే అంత లోతుకి పోయేది. ఆ ప్రశ్న పేపర్లో రానే లేదు. అయినా మా ఇంట్లో అందరికీ గుర్తుండేది అదే.

నాకూ ఒకటి దొరికింది. 1983 జ్ఞానపీఠ్ 'చిక్కవీర రాజేంద్ర' నవలకి వచ్చింది, రాసిందెవరని అడిగినారు. మాస్తి వెంకటేశ అయ్యంగార్. పిల్లలకి పేరు తెలుసు, ఎక్కడాయనో తెలీదు. మాస్తి మన మాలూరు తాలూకా వూరే కదా! నేను ఆ వూరి బస్సు ఎన్నోసార్లు ఎక్కినాను. ఆయన పుట్టింది 1891 జూన్ 6న, పోయింది 1986లో, అదే జూన్ 6న.

అసలు మాట ఇప్పుడు చెప్తాను. ముద్దేనహళ్లి గొడవ తర్వాత మా ఆయన ప్రశ్నలు చదివేవాడే గానీ జవాబు చెప్పేవాడు కాదు. తప్పు చెప్తే పిల్లలు నవ్వుతారని. ఒక ఆదివారం ఏడో ప్రశ్న ఇట్లుంది: '40వ నంబరు నూలు అంటే అర్థమేమి?' పాప గైడంతా తిరగేసింది. లేదు. నాకూ తెలీదు.

ఆయన మెల్లగా చెప్పినాడు. "840 గజాల నూలు ఒక చిలప. మిల్లులో హ్యాంకు అంటాం. ఒక పౌండు బరువుకి ఎన్ని చిలపలు తూగితే అంత కౌంటు. నలభై తూగితే నలభయ్యో నంబరు. నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నం." పాప లెక్క వేసింది. 33,600 గజాలు. ముప్పై కిలోమీటర్ల పైనే. "ఒక్క పౌండు దూదిలో అంత దారమా నాయనా!" అంది. "రోజూ తీసేది అదే కదమ్మా" అన్నాడు.

వచ్చే ఆదివారం జవాబు సరిపోయింది. ఆ రోజు నుంచి పాప ఆయన పక్కన కూర్చొని తెలుగు అక్షరాలు నేర్చుకుంటా వుంది. ఇప్పుడు మొదటి మూడు ప్రశ్నలు తనే చదువుతుంది. ఒత్తుల దగ్గర ఇంకా తడబడుతుంది.

జనరల్ నాలెడ్జి అంటే ఆఫీసర్ల పిల్లలకే అనుకుంటాం. మగ్గం దగ్గర, ఫ్రేము దగ్గర, గనిలో, వంటింట్లో పని చేసినోళ్ల దగ్గర కూడా అది చానా వుంది. అడిగేవాళ్లు లేక బయటికి రాదు. మీరూ మొదలుపెట్టండి. ముందు ఇంట్లో పెద్దల్ని అడగండి, తర్వాతే ఫోను. జవాబు రెండు చోట్ల సరిచూడండి. పక్కన సంవత్సరం రాయండి. తప్పు చెప్పినోళ్లని చూసి నవ్వొద్దు.

ఈ వారం మీ ఇంటికి మూడు ప్రశ్నలు:

1. మైసూరు రాష్ట్రం మొదటి ముఖ్యమంత్రి మన కోలారు జిల్లా మనిషే. ఎవరు?
2. తెలుగులో మొదటి జ్ఞానపీఠ్ అందుకున్నదెవరు?
3. మీ ఇంట్లో పనికి పోయే మనిషి నడిపే మిషను పేరేమి? అది చేసే పనేమి?

మొదటి రెండిటికీ పుస్తకం చూడొచ్చు. మూడోది మాత్రం ఆ మనిషినే అడగండి.