గోడకు ప్లాస్టరింగ్ కూడా ఉంటుంది

మన దేశంలో బీఆర్క్ అయిదేళ్ల చదువు. పట్టా చేతికొచ్చాక కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదు చేయించుకుంటే చాలు, 1972 నాటి చట్టం ప్రకారం ఆర్కిటెక్ట్‌నని చెప్పుకోవచ్చు; మరో పరీక్ష లేదు. అమెరికాలోనైతే సాధారణంగా డిగ్రీతో పాటు 3,740 గంటల పని అనుభవం చూపించి, ఆరు భాగాల పరీక్ష గట్టెక్కితేనే లైసెన్సు ఇస్తారు. ఇంటీరియర్ డిజైనర్లకు మన దగ్గర అలాంటి చట్టమే లేదు. పైగా 1972 చట్టం కాపాడేది ఆర్కిటెక్ట్ అనే హోదానే తప్ప ఆ పనిని కాదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే చదువుకున్నవాళ్లను నిలబెట్టాల్సింది పనితనమే. అది నేర్పే బాధ్యత దాదాపుగా కాలేజీల మీదే పడుతోంది. అక్కడేమో ఎక్కువ సమయం తెర మీది అందమైన బొమ్మకే పోతోంది.

ఈ లోటు ఎలా బయటపడుతుందో ఒక వార్డ్‌రోబ్ దగ్గర చూడొచ్చు. ప్లాన్‌లో రెండు గోడల మధ్య ఆరడుగులు ఉందని, కొత్తగా చేరిన కుర్రాడు సరిగ్గా ఆరడుగుల వార్డ్‌రోబ్ గీస్తాడు. ప్లాన్‌లో ఉన్నది ఇటుక నుంచి ఇటుకకు కొలత. ఒక్కో గోడకు 12 మిల్లీమీటర్ల ప్లాస్టరింగ్ వేసినా, రెండు వైపులా కలిపి దాదాపు అంగుళం తగ్గిపోతుంది. గోడ కాస్త వాలి ఉంటే కింద ఒక కొలత, పైన ఇంకో కొలత. ఆపైన గోడ అడుగున వేసే స్కర్టింగ్ ఉండనే ఉంది. ఫ్యాక్టరీలో కోసి తెచ్చిన ప్లైవుడ్ పెట్టె అక్కడ దిగదు. గోడైనా చెక్కాలి, పెట్టెనైనా మళ్లీ కోయాలి. కుర్రాడికి తెలివి లేక కాదు. పూర్తయిన గోడల మధ్య కింద, నడుమ, పైన టేపు పట్టి, తక్కువ కొలత తీసుకుని, పక్కన పట్టీకి చోటు వదలాలని దగ్గరుండి చూపించినవాళ్లు లేక.

ఇవన్నీ ఉద్యోగంలో మేస్త్రీలే నేర్పుతారు, కాలేజీ నేర్పాల్సింది ఆలోచించడం అనే అధ్యాపకులున్నారు. ఇందులో కొంత నిజముంది. సాఫ్ట్‌వేర్లు మారిపోతాయి, వాటి బటన్లకే సెమిస్టర్లు ధారపోయడం దండగ. కానీ కట్టడం తెలిస్తే ఆలోచన మొద్దుబారుతుందంటే ఒప్పుకోలేం. కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ విరివిగా వాడిన ర్యాట్ ట్రాప్ బాండ్‌నే చూడండి: ఇటుకలను అంచు మీద నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలితే దాదాపు నాలుగో వంతు ఇటుకలు మిగులుతాయి, గదిలోకి వేడీ తక్కువగా దిగుతుంది. ఇటుకను చేత్తో పట్టి చూసినవాడికే ఆ పద్ధతి విలువ తెలుస్తుంది. అమెరికాలో ఆబర్న్ యూనివర్సిటీ వాళ్లు 1993లో మొదలుపెట్టిన రూరల్ స్టూడియోలో విద్యార్థులే అలబామా పల్లెల్లో పేదల ఇళ్లకు డిజైన్ చేసి, తామే కడతారు. దానికి ప్రపంచమంతా పేరొచ్చింది ఇళ్ల చవకదనానికే కాదు, డిజైన్లకు కూడా.

మన దగ్గర ప్రాక్టికల్ ట్రైనింగ్ ఉంది. అయితే అది చదువు చివర్లో వస్తుంది, చాలాచోట్ల ఆఫీసులో డ్రాయింగులు దిద్దడంతోనే గడిచిపోతుంది. మొదటి ఏడాది నుంచే నెలకో రోజు సైట్‌లో గడిపి, గీసినదానికీ కట్టినదానికీ తేడా కొలిచి, దాన్నే మార్కులు వేసే జ్యూరీ ముందు పెట్టించాలి. పెద్ద ఖర్చేమీ కాదిది. పిల్లల్ని చేర్పించేముందు తల్లిదండ్రులు ప్లేస్‌మెంట్ల గురించి ఎలాగూ అడుగుతారు. సైట్‌కి ఎప్పటి నుంచి తీసుకెళ్తారు, ట్రైనింగ్‌లో స్టైపెండ్ ఇప్పిస్తారా అని కూడా కాలేజీని గట్టిగా అడగండి.