టిక్కెట్టు చెప్పే కబురు

హాస్టల్లో చేరిన కొత్తలో నన్ను "ఎర్రబస్సు" అని పిలిచేవారు. పల్లెటూరి బైతు అని దాని అర్థం. కోపం వచ్చిన మాట నిజమే. కాని ఆ బస్సే లేకపోతే నేను ఈ బి.ఎస్సీ. గడప తొక్కేవాణ్ణి కాదు. అందుకని యూనియన్ మిత్రులు ఈ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు ఆర్.టి.సి. గురించే రాద్దామనిపించింది. చరిత్ర కాదు. అది ఒక్క ముక్కలో అయిపోతుంది: 1932లో నిజాం సంస్థానంలో 27 బస్సులతో మొదలైన శాఖ, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ అయింది, రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణకు వేరే సంస్థ ఏర్పడింది. ఆర్.టి.సి. మనతో ఎలా మాట్లాడుతుంది, మన మాట దానికి ఎలా వినబడుతుంది అన్నదే నా విషయం.

అది మనకు చెప్పే తీరు అందరికీ తెలిసిందే. బస్సు నుదుటి మీద బోర్డు, బస్టాండులో టైముల పట్టిక, విజయవాడ నెహ్రూ బస్‌స్టేషన్లో అయితే మైకు. కాని మా నాయనమ్మకు చదువు రాదు. ఆమెకు కండక్టరు నోరే బోర్డు. "రేపు పొద్దున ట్రిప్పు రాదు, కల్వర్టు తెగింది" అని టీకొట్టు దగ్గర అతను ఒక కేక వేస్తే గంటలో ఊరంతా తెలుస్తుంది. నైట్ హాల్టు బస్సు ఉన్నన్నాళ్ళు ఇంకా సుఖంగా ఉండేది. డ్రైవరూ కండక్టరూ ఊళ్ళోనే పడుకునేవారు గనక, ఫలానా అమ్మాయికి నెలలు నిండాయి, పొద్దున్నే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, కాస్త ఆగండి అంటే ఆగేవారు. నా కారియరు కూడా ఆ బస్సులోనే వచ్చేది. ఒక్కనాడూ పోలేదు.

మరి మన మాట డిపోకు చేరేదెలా? ఫిర్యాదుల పుస్తకం ఉంది. 'డయల్ యువర్ డి.ఎం.' అని పెడతారు. పేపర్లో వేసిన రోజున, వేసిన గంటలో ఫోను చేస్తే డిపో మేనేజరుగారే మాట్లాడతారు. మంచి ఏర్పాటే, పేపరు చదివేవాళ్ళకీ, ఆ వేళకు పొలంలో లేనివాళ్ళకీ.

అసలు కబురు వేరే దారిన పోతుంది. అది టిక్కెట్టు. వెనకటి రోజుల్లో కండక్టరు స్టేజీ స్టేజీకీ బస్సు ఆపించి ఎస్.ఆర్. కాగితం మీద టిక్కెట్ల నంబర్లు వేసుకునేవాడు. ఆలస్యమవుతోందని మా నాన్న విసుక్కునేవాడట. ఇప్పుడు ఆ పని చేతిలోని మిషను చేస్తుంది. ఎక్కడ ఎందరు ఎక్కారు, ఎక్కడికి టిక్కెట్టు తీసుకున్నారు అన్నది అందులో పడుతుంది. కిలోమీటరుకు రాబడి ఎంత, నూరు సీట్లకు ఎన్ని నిండాయి (దీన్నే ఓ.ఆర్. అంటారు) అన్న లెక్కలు దాన్నుంచే తేలతాయి. ఏ ట్రిప్పు ఉంచాలి, ఏది తీసెయ్యాలి అనే దగ్గర ఈ అంకెలదే పెద్ద నోరు.

రైతుబిడ్డను గనక నాకు రెయిన్ గేజి గుర్తొస్తుంది. మండల కేంద్రంలో అందులో పడ్డదే వాన. మా చేను ఎండి బీటలు వారినా కాగితం మీద వర్షం కురిసినట్టే. టిక్కెట్టు కూడా అంతే. ఎక్కినవాణ్ణే లెక్కపెడుతుంది. రోడ్డు మీద నిలబడి, ఓపిక పట్టలేక ఆటో ఎక్కినవాడు దాని లెక్కలో లేడు. మా ఊరి సాయంత్రం ట్రిప్పు పోయింది ఇలాగే. తప్పు మాదే. బస్సుకు పది నిమిషాల ముందు వచ్చే షేర్ ఆటో ఎక్కాం. నేనూ ఎక్కాను. బస్సు ఖాళీగా తిరిగింది. "ఈ ఊరికి బస్సు అక్కర్లేదు" అని డిపోకు కబురు వెళ్ళింది. అలా చెప్పింది మేమేనని మాకే తెలియదు! ఇప్పుడు ఇంటరు చదివే మా చెల్లెలు చీకటి పడ్డాక ఆటోలో ఇరుక్కుని వస్తోంది. నాన్న టార్చిలైటు పట్టుకుని రోడ్డు మీద నిలబడతాడు. చదువు మానిపించే మాట ఇంట్లో ఇప్పటికి రెండుసార్లు వచ్చింది.

మొన్న సంక్రాంతి సెలవుల్లో నాయనమ్మతో బస్సెక్కాను. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో ఆడవాళ్ళకు ఛార్జీ లేదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచే ఇది ఉంది. ఆధార్ చూపిస్తే సున్నా టిక్కెట్టు కొడతారు. "డబ్బులు పుచ్చుకోనిదానికి కాగితం ఎందుకు నాయనా, వద్దులే" అంది కండక్టరుతో.

"తీసుకో నాయనమ్మా. నువ్వు ఎక్కావని డిపోకు చెప్పేది అదొక్కటే. ప్రభుత్వం ఆర్.టి.సి.కి డబ్బు ఇవ్వాలన్నా ఆ లెక్కే చూడాలి" అన్నాను.

ఆమె టిక్కెట్టు తీసుకుని చెంగున ముడి వేసుకుంది. కాసేపు ఊరుకుని, "అయితే రాని బస్సుకు టిక్కెట్టు ఎట్లా కొట్టించాలిరా?" అంది.

మూడేళ్ళుగా ఫిజిక్సు చదువుతున్నాను. నాకు తట్టని ప్రశ్న అది.

దానికి పాత దారే దిక్కయింది: అర్జీ. సాయంత్రం మండలం నుంచి తిరిగి వచ్చే పిల్లలు ఎవరెవరు, ఏ స్టేజీలో దిగుతారు, ఏ వేళకు కాలేజీ వదులుతారు అని పట్టిక గీశాను. సంతకాలు, వేలిముద్రలు పెట్టించి డిపోలో ఇచ్చి వచ్చాం. జవాబు ఇంకా రావాలి. ఈలోగా పొద్దున ట్రిప్పు వేళకు ఊళ్ళో ఎవరూ ఆటో ఎక్కకూడదని అనుకున్నాం. మొదటి వేలిముద్ర నాయనమ్మదే.