పాత బుల్లెట్టుకు పెద్ద చాంబరు: అపోహలు – వాస్తవములు

ఉమ్మడి శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో పాత మోటారుసైకిళ్లను నేటికిని ప్రాణప్రదముగ చూచుకొను కుటుంబములు పెక్కు కలవు. తాత కొన్న బుల్లెట్టును మనుమడు నడుపుటయు, తండ్రి బడికి నడిపిన రాజదూతుకు కుమారుడు మరల రంగు వేయించుటయు ఇచ్చట వింతలు కావు. వేసవిలో సాలూరునుండి సుంకి మీదుగ కోరాపుట్టునకు పోవు ఘాటీ నెక్కునప్పుడో, పాలకొండనుండి సీతంపేట కొండలలోనికి పోవునప్పుడో ఇంజను కాగి బలము తగ్గినంతనే, నలుగురి నోటను వినవచ్చు సలహా యొకటి కలదు: ఆయిలు చాంబరు చిన్నది, పెద్దది వేయింపవలెనని. ఈ సలహా నిచ్చువారు శ్రేయోభిలాషులే. వారిలోని మెకానిక్కుల చేతిపని గౌరవింపదగినదే. అయినను రోగమును గుర్తింపకయే మందు నిర్ణయించుట మనుష్యునకు వలెనే యంత్రమునకును హితము కాదు గనుక, ఈ విషయమున వ్యాపించియున్న అపోహలను ఒక్కొక్కటిగ పరిశీలించుట అవసరము.

అపోహ 1: "బుల్లెట్టుకి కిందున్న చాంబరు ఇప్పేసి పెద్దది బిగించీయొచ్చు బాబూ."

వాస్తవము: కార్లకును లారీలకును ఇంజను క్రింద చమురు నిలుచు చాంబరు విడిగ బోల్టులతో బిగింపబడి యుండును. లారీలకు పేరుమోసిన సాలూరు వంటి ఊరిలో పని నేర్చిన మెకానిక్కునకు ఈ యూహ తోచుట సహజమే. కాని 1955లో నెలకొన్న ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ మద్రాసు చెంతనున్న తిరువొత్తియూరు కర్మాగారమునుండి దశాబ్దములపాటు వెలువరించిన పోత ఇనుప సిలిండరు బుల్లెట్టునకు అట్టి విడి చాంబరే లేదు. ఇంజను కేసు పోతలోనే, క్రాంకు తిరుగు గదికి వెనుకగా, సుమారు 2.25 లీటర్లు పట్టు చమురు గది యొకటి అంతర్భాగముగ నమరియున్నది. టైమింగు కవరునందలి రెండు పంపులలో నొకటి ఆ గదినుండి చమురును తోడి పనిచేయు భాగములకు పంపగా, రెండవది క్రిందికి జారిన చమురును పీల్చి మరల గదికి చేర్చును. ఈ గదిని పెంచవలెనన్న కేసునే కోసి వెల్డింగు చేయవలెను. ఆ వేడికి లోహము వంగి, బేరింగుల కూర్పు చెదరి, కేసు రెండు సగములును సరిగా అతుకక చమురు కారు ప్రమాదము కలదు.

పాత బి.ఎం.డబ్ల్యూ. బాక్సరు ఇంజనుల వంటివానికి క్రింద విడి చాంబరు కలదు. వానికి లోతైన చాంబరు నమర్చు వాడుక విదేశములలో నున్నమాట నిజమే. అచ్చటను చమురు పీల్చు గొట్టమును లోతునకు తగినట్లు దింపి, చమురు మట్టము చూపు గేజిని సరిచూచినగాని ఆ మార్పు పూర్తికాదు. పైగా క్రిందికి దిగిన చాంబరు నేలకు చేరువగును. ఏజెన్సీ బాటలందలి రాళ్లును, ఊరూర వెలసిన ఎత్తైన స్పీడుబ్రేకర్లును దానిని తాకి పగులగొట్టినచో, అధికముగ పోసిన చమురుతోపాటు తొలినుండి యున్న చమురు కూడ రోడ్డు పాలగును.

అపోహ 2: "ఆయిలు ఎక్కువుంటే ఇంజను సల్లగుంటాది."

వాస్తవము: ఒకే పొయ్యిమీద చెంబెడు నీరును, గంగాళమెడు నీరును ఉంచినచో రెండును కాగును, గంగాళము కాగుటకు ఆలస్యమగును, అంతియే. ఇంజనునందు పుట్టు వేడి ఎంతయో, గాలిలోనికి పోవు వేడి యంతయైన క్షణమున ఉష్ణోగ్రత నిలకడ చెందును. ఆ నిలకడను నిర్ణయించునది చమురు పరిమాణము కాదు. గాలి తగులు ఉపరితల విశాలతయు, గాలి వేగమును. చాంబరు పెద్దదై, దానికి రెక్కలుండి, ఎదురుగాలి సోకుచున్నచో కొంత చలువ లభించునుగాని, అది లోహపు వైశాల్యము చేసిన మేలు.

మరి ఘాటీలో బండి ఏల కాగును? తక్కువ గేరులో, తక్కువ వేగముతో, నిండు బరువుతో ఎక్కునప్పుడు గాలి తక్కువగను వేడి యెక్కువగను ఉండును. దానికి తోడు సిలిండరు రెక్కల నడుమ బురద గట్టిపడియున్నను, ఇగ్నిషను టైమింగు వెనుకబడియున్నను, కార్బురేటరు పెట్రోలును తక్కువగ నిచ్చుచున్నను, బ్రేకులు పట్టుకొనియున్నను ఇంజను కాగక తప్పదు. వీనిలో ఏ యొక్కటియు చాంబరు మార్చినందున తీరదు. ఇగ్నిషను పాయింట్ల సందు 0.35 నుండి 0.40 మిల్లీమీటర్ల నడుమ నున్నదా యని చూచి, టైమింగు సరిచేసి, రెక్కలు శుభ్రపరచి, పదిమైళ్లు నడిపి చూచుట ఒక పూట పని; కేసును కోయుట మరల వెనుకకు తీసికొనరాని పని.

అపోహ 3: "పెద్ద చాంబరు ఏసీసినాక ఆయిలు మార్చక్కర్లేదు."

వాస్తవము: ఇందు సగము సత్యము కలదు. చమురు ఎక్కువైనచో దానియందు చేరు మసియు, లోహపు పొడియు పలుచబడును. చమురు మెల్లగ క్షీణించును. కాని మలినము పలుచబడుట వేరు, తొలగుట వేరు. ఒక లీటరు పెట్రోలు మండినప్పుడు ఆవిరి రూపమున పుట్టు నీరు ఇంచుమించు ఒక లీటరుండును. అందు అధికభాగము సైలెన్సరు గుండ పోవునుగాని, కొంత పిస్టను రింగుల సందునుండి క్రిందికి దిగి చమురుతో కలియును. చమురు బాగుగ వేడెక్కిననే ఆ తేమ ఆవిరియై ఇంజను ఊపిరిగొట్టమైన బ్రీదరు గుండ వెడలిపోవును. ఇంటినుండి సంతకు, సంతనుండి ఇంటికి నాలుగైదు కిలోమీటర్లు మాత్రమే తిరుగు బండికి చమురు అధికమగుకొలది అది వేడెక్కుట ఆలస్యమై, తేమ లోపలనే నిలిచి, తెల్లని మడ్డిగ పేరుకొనును. కావున అట్టి బండికి పెద్ద చాంబరు కీడే చేయును. రెండు మూడు వేల కిలోమీటర్ల కొకసారి, తక్కువ తిరిగిన బండికైనను ఏడాది కొకసారి, చమురును ఫిల్టరును మార్చుటయే మేలైన మార్గము. మార్చునప్పుడు అడుగుననున్న డ్రెయిను ప్లగ్గులన్నిటిని విప్పవలెను. ఒకటి విప్పి మరియొకటి విడిచినచో పాత చమురు లోపలనే నిలిచిపోవును.

అపోహ 4: "గేజి తక్కువ సూపిస్తే ఎంటనే పోసీయాల."

వాస్తవము: చమురు గది చిన్నదన్న అపవాదునకు మూలము తరచుగ ఇదియే. బుల్లెట్టును వారముల తరబడి నిలిపియుంచినచో గదిలోని చమురు పంపు సందులనుండి మెల్లగ క్రాంకు గదిలోనికి జారును. అప్పుడు గేజి చూచినవారికి చమురు తగ్గినట్లు తోచును. ఆ భ్రమతో మరి అర లీటరు పోసినచో, ఇంజను కదలి రెండవ పంపు జారిన చమురునంతను గదికి చేర్చినంతనే గది నిండిపొర్లి, బ్రీదరునుండి బయటికి చిమ్మును. యజమాని అది చూచి, చాంబరు చాలలేదనియు, స్టార్టు చేయగానే వచ్చిన తెల్లని పొగను చూచి, రింగులు పోయినవనియు నిశ్చయించుకొనును. కొంతసేపు నడిపి, ఇంజను వెచ్చబడిన పిమ్మట ఆపి, అప్పుడు గేజి చూచుటయే సరియైన పద్ధతి. ఆ పొగ కొద్దిదూరములో అణగిపోయినచో రింగుల విషయమై కలత పడనక్కరలేదు.

అపోహ 5: "పాత ఇంజనుకి సిక్కటి ఆయిలే రక్ష."

వాస్తవము: అరిగిన పంపునకు చిక్కని చమురు భారమగును. శీతకాలపు వేకువజామున కొండయూళ్లలో బండి కదలించునప్పుడు అట్టి చమురు బేరింగులకు చేరుట ఆలస్యమగును. ఇంజనులో అరుగుదల హెచ్చుగ జరుగు సమయ మదియే. 20డబ్ల్యూ-50 వంటి చమురు చలిలో తగుమాత్రము పలుచగ నుండి, వేడిలో తగుమాత్రము చిక్కగ నిలుచును. చమురు పోసినంతమాత్రమున పని ముగియదు; అది చేరవలసిన చోటికి చేరుచున్నదా యని చూడవలెను. హెడ్డుపైనున్న రాకర్లకు పోవు సన్నని గొట్టపు బోల్టును, ఇంజను మెల్లగ తిరుగుచుండగా, కొంచెము వదులుచేసినచో చమురు ఊరవలెను. ఊరనిచో పంపునో ఫిల్టరునో విప్పి చూడవలెనుగాని చాంబరును నిందింపరాదు.

అపోహ 6: "రాజదూతుకి, యెజ్డీకి కూడా ఇదే పని సేయొచ్చు."

వాస్తవము: ఎస్కార్ట్సు వారి రాజదూతును, మైసూరు ఐడియల్ జావా వారి యెజ్డీయు టూస్ట్రోకు బండ్లు. వానిలో ఇంజను చమురు పెట్రోలుతోనే కలిసి వచ్చి, పని ముగించి, మండిపోవును. నిలువచేయు చాంబరు లేదు. గేరుపెట్టెలోని చమురు వేరు. అంతేకాక టూస్ట్రోకు ఇంజనులో క్రాంకు గదియే పెట్రోలు, గాలుల మిశ్రమమును ఒత్తి పైకి పంపు పంపు వంటిది. ఆ గదిని పెద్దది చేసినచో ఒత్తిడి తగ్గి, బండి బలము సన్నగిల్లును. ఇక యమహా ఆర్‌ఎక్స్ 100కు చమురు డబ్బా వేరుగ నుండి, పంపు తగిన మోతాదును అందించును. డబ్బా పెద్దదైనచో నింపు వ్యవధి పెరుగును; ఇంజనునకు చేరు చమురు పెరుగదు.

మరి పెద్ద చాంబరు ఎవరికి తగును?

విడి చాంబరుగల ఇంజనై, యజమాని దూరప్రయాణములు ఎడతెగక చేయువాడై, తయారీదారుడో అనుభవజ్ఞుడో ఆ ఇంజనుకే రూపొందించిన చాంబరు, పీల్చు గొట్టము, గేజి మూడును జతగా లభించి, నేలనుండి ఎత్తు చాలినంత మిగులుచున్నచో, నిస్సందేహముగ అమర్చుకొనవచ్చును. ఈ షరతులలో ఒక్కటి లోపించినను ఆ ధనమును టైమింగు సరిచేయించుటకును, పంపులు మార్పించుటకును, మంచి చమురునకును వెచ్చించుట ఉత్తమము. పాత యంత్రమును కాపాడదలచినవాడు మొదట దాని నిర్మాణమును తెలిసికొనవలెను, పిదప దాని లోపమును వెదకవలెను, మార్పు తలపెట్టుట ఆ రెండింటి తరువాతనే. ఈ వరుస తప్పనివాని బండి కొనినవాని మనుమనికి సయితము నిశ్చింతగ సేవచేయును.