పాడియావు జీర్ణశక్తి - మేత యెంపిక

రామకృష్ణాపూరు పరిసరములయందు పాడిని నమ్ముకొనిన రైతు సోదరులకు మేమీ మాసమున విన్నవించునది యొక్కటే. ఆవునకు మేత వేయుటయనగా దాని కడుపులోని సూక్ష్మజీవులకు మేత వేయుటయే.

ఆవు కడుపునకు నాలుగు గదులు కలవు. మొదటిదగు పెద్దపొట్టలో కోట్లకొలది సూక్ష్మజీవులు గడ్డిలోని పీచును పులియబెట్టి, పశువునకు బలమిచ్చు ఆమ్లములుగ మార్చును. నెమరు వేయునపుడు ఊరెడి లాలాజలము ఆ పులుపును విఱుచుచుండును. కావున నెమరు తగ్గినచో జీర్ణము చెడుచున్నదని యెఱుగవలెను.

ఈ బొగ్గుగనుల సీమలో ఉపరితల గనులకును, మట్టిదిబ్బలకును, కాలనీలకును భూములు పోగా పచ్చికబీళ్లు తఱిగినవి. పలువురకు వరిగడ్డియే ఆధారము. అది పొట్ట నింపును గాని, అందు మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్లకు మించవు. అవి చాలనిచో సూక్ష్మజీవులు వృద్ధిచెందవు. గడ్డి పొట్టలో చాలసేపు నిలిచిపోవును. ఆవు మేత తగ్గించును.

పాలు తగ్గినవని కొందఱు ఒక్కమాఱుగ నూకలు, అన్నము, పిండి పెట్టుదురు. ఇది మఱింత కీడు. పిండిపదార్థము త్వరగా పులియుటచే ఆమ్లము హెచ్చి, పీచును జీర్ణించు జీవులు నశించును. పాలలో వెన్న దిగును. వెన్ననుబట్టి వెలగట్టు చోట ఆ నష్టము రైతునదే. వ్యాధి ముదిరినచో పశువు ప్రాణమునకే ముప్పు.

పచ్చిమేత మేలైనదే యైనను, లేత జొన్నను, వానలేక వాడిన జొన్నను, కోసిన మోళ్ల పిలకలను మేపరాదు. అందు నాము అను విషముండును; అది కొలది కాలములోనే పశువును చంపగలదు. పూత వచ్చిన పిదప కోసి వేయుట క్షేమము. ఆకలిగొన్న ఆవునకు లేత లూసర్ను వంటి మేతను మితిమీఱి వేసిన కడుపుబ్బును.

కావున వరిగడ్డిని ముక్కలుగ నఱికి, దానితో గడ్డిజాతి పచ్చిమేత రెండు పాళ్లు, అలసంద వంటి కాయజాతి మేత ఒక పాలు కలిపి వేయుడు. పచ్చిమేత దొఱకని వేసవికై, నూఱు కిలోల వరిగడ్డికి నాలుగు కిలోల యూరియాను ఏబది లీటర్ల నీటిలో కరగించి చల్లి, గాలి చొరకుండ కప్పి, 21 దినములు మాగవేయుడు. తీసిన గడ్డిని గాలికి ఆఱబెట్టి, కొంచెము కొంచెముగ అలవాటు చేయుడు. ఆఱు మాసములలోపు దూడలకు దీనిని వేయరాదు. యూరియా నీటిని పశువులు త్రాగకుండ కాపాడవలెను. ఏ మేత మార్చినను పదునైదు దినములలో క్రమముగ మార్చవలెను.

మధ్యాహ్నమున కొట్టము చూడుడు. పడుకొన్న ఆవులలో సగమునకు మించి నెమరు వేయుచున్నచో మీ మేత సరియైనదే. కానిచో ఆనాడే గాటిని పరీక్షింపుడు.