మూత మీది గీత

నర్సీపట్నం మీదుగా చింతపల్లికి పోయే బస్సు కొండదారి పట్టకముందు ఊరిలో కొంతసేపు నిలుస్తుంది. ఎండవేళ ప్రయాణికులు దిగి, ప్రక్కనున్న దుకాణాలలో చల్లని పానీయాలు కొనుక్కుంటారు. కొందరి చేతిలో సీసా ఉంటుంది, కొందరి చేతిలో అల్యూమినియం డబ్బా. డబ్బా పట్టుకున్న పిల్లవాడు మూత మీది చిన్న రింగు క్రిందికి వేలు దూర్చి పైకి లేపుతాడు. బుస్సుమని గాలి పోతుంది. మూతలో కొంత భాగం లోపలికి వంగి, త్రాగటానికి దారి ఏర్పడుతుంది. రెండు క్షణాల పని. కొద్ది నిమిషాలకు డబ్బా ఖాళీ అయి రోడ్డు ప్రక్క పడుతుంది, బస్సు కదులుతుంది.

ఆ రెండు క్షణాల వెనుక నూటయాభై ఏండ్లకు పైబడిన మానవప్రయత్నం ఉన్నదని ఆ పిల్లవానికి తెలియదు. తాను పారవేసిన లోహానికీ, తాను ఎక్కబోయే కొండకూ సంబంధం ఉన్నదని అసలే తెలియదు. ఈ రెండూ బడిలో చదువుకునే ప్రతివారూ తెలుసుకోదగిన సంగతులే.

ఉలీ, సుత్తీ

డబ్బాకు రెండు ధర్మాలు కావాలి. లోపలి పదార్థం చెడకుండా, గాలి చొరకుండా గట్టిగా మూసుకొని ఉండాలి. కావలసినప్పుడు సులభంగా తెరుచుకోవాలి. ఈ రెండూ పరస్పర విరుద్ధాలు. ఎంత గట్టిగా మూస్తే తెరవటం అంత కష్టం.

ప్రకృతి ఈ చిక్కును ఏనాడో విప్పుకొన్నది. చిక్కుడుకాయ గింజలను భద్రంగా దాచుకుంటుంది. అయినా వంటింటిలో అమ్మ దాని కొసను గోటితో గిల్లి లాగితే ఈనె పొడుగునా ఊడివస్తుంది. కొబ్బరికాయ పెంకు రాయివంటిది. కాని దాని మూడు కండ్లలో ఒకటి మెత్తన. మొలక వెలికి వచ్చేది అందులోనుంచే. తెరుచుకోవలసిన చోటు ముందుగానే ఏర్పడి ఉన్నదన్నమాట.

మనిషికి ఈ ఉపాయం ఆలస్యంగా తట్టింది. ఆహారాన్ని వేడిచేసి, గాలి చొరకుండా మూసి నిలువచేసే పద్ధతిని ఫ్రాన్సు దేశస్థుడు నికోలాస్ అపేర్ 1810లో గ్రంథరూపంలో ప్రకటించాడు. ఆయన వాడినవి గాజు పాత్రలు. అదే సంవత్సరం ఇంగ్లాండులో పీటర్ డ్యూరాండ్ లోహపు డబ్బాలతో సహా ఇటువంటి పద్ధతికి పేటెంటు పొందాడు. కొద్ది ఏండ్లకే మాంసం నింపిన రేకుడబ్బాలు బ్రిటిష్ నావికులకు అందసాగాయి. అవి దళసరి ఇనుపరేకుతో చేసినవి. తెరవటానికి ఉలీ, సుత్తీ పుచ్చుకొని మూత చుట్టూ కొట్టవలసి వచ్చేది. డబ్బాలు తెరవటానికే ప్రత్యేకంగా చేసిన పనిముట్టుకు అమెరికాలో ఎజ్రా వార్నర్ పేటెంటు పొందినది 1858లో. తాళం పుట్టిన దాదాపు అర్ధశతాబ్దికి తాళంచెవి పుట్టినదన్నమాట.

చిక్కుడు ఈనె వంటి ఉపాయం డబ్బాకు 1866లో అబ్బింది. న్యూయార్కుకు చెందిన ఆస్టర్‌హౌట్ చెవి త్రిప్పి తెరిచే డబ్బాకు ఆ ఏడు పేటెంటు తీసుకున్నాడు. తరువాత ప్రచారంలోకి వచ్చిన పట్టీడబ్బాల పనితీరు ఇది: రేకు చదునుగా ఉన్నప్పుడే దానిమీద ప్రక్కప్రక్కన రెండు గీతలు నొక్కుతారు. ఆ గీతల వెంబడి రేకు పలుచబడుతుంది గాని తెగదు. రేకును గుండ్రంగా చుట్టి అంచులకు మాటు వేసేటప్పుడు, గీతల నడిమి పట్టీ కొసను నాలుకవలె వెలికి వదులుతారు. డబ్బాతోపాటు ఇచ్చే ఇనుప చెవికి చిన్న చీలిక ఉంటుంది. నాలుకను అందులో దూర్చి త్రిప్పుతూ పోతే పట్టీ చెవికి చుట్టుకుంటూ ఊడివస్తుంది. మాంసపు డబ్బాలనే గాక, అమెరికాలో కాఫీ డబ్బాలను కూడా చాలకాలం ఈ విధంగానే తెరిచేవారు. పట్టీ ఊడిన పిమ్మట పైభాగమే తిరిగి మూతగా ఉపయోగపడేది.

తెలుగు ఇంట రేకుడబ్బా

మన దేశంలో రేకుడబ్బా కథ వేరు. అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలను ముట్టడించినది 1922 ఆగస్టులో. అదే సంవత్సరాంతాన జంషెడ్‌పూరు వద్ద గోల్మురిలో తగరపు పూత వేసిన ఉక్కు రేకుల తయారీ ఆరంభమైంది. బర్మా ఆయిల్ కంపెనీ, టాటా స్టీలు కలిసి 1920లో నెలకొల్పిన టిన్‌ప్లేట్ కంపెనీ అది. బర్మా ఆయిల్ కంపెనీకి రేకులతో పని యేమిటంటే, కిరసనాయిలు పోసి అమ్మటానికి డబ్బాలు కావాలి. ఆ కంపెనీ 2024లో టాటా స్టీలులో విలీనమైంది. బ్రతుకుతెరువుకై ఉత్తరాంధ్ర నుండి జంషెడ్‌పూరు వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. అందుచేత ఆ ఊరు మనవారికి పరాయిది కాదు.

ఆ నాలుగు గ్యాలన్ల డబ్బా తెలుగు ఇంటికి వచ్చినప్పుడు దాని బ్రతుకు అప్పుడే మొదలయ్యేది. పైరేకు కోసి, అడ్డంగా కర్ర బిగిస్తే నీళ్లు మోసే కావడి డబ్బా. మూత పెడితే ధాన్యం పోసుకునే డబ్బా. మాటు ఊడితే రేకుపనివాడు అతికి ఇచ్చేవాడు. పూర్తిగా పాడైతే రేకును చదును చేసి పాకకు కప్పేవారు. తెరవటం కష్టమైన డబ్బాను పారవేయటానికి ఎవరికీ మనసు రాలేదు. తెరవటం సులువైనకొద్దీ పారవేయటమూ సులువైంది. ఈ మార్పును గమనించటం అవసరం.

రింగు పుట్టుక

1959లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఎర్మల్ ఫ్రేజ్ అనే యంత్రనిపుణుడు కుటుంబంతో వనభోజనానికి వెళ్లాడు. పానీయాల డబ్బాలు ఉన్నవి గాని తెరిచే సాధనం ఇంటివద్ద మరచిపోయారు. కారు బంపరుకు గుద్ది తెరవవలసి వచ్చింది. తెరిచే సాధనం డబ్బాకే ఎందుకు అంటుకొని ఉండరాదని ఆయన ఆలోచించాడు.

చిక్కు ఎక్కడంటే, రింగును మూతకు బిగించాలంటే రివెట్టు కావాలి. రివెట్టుకు మామూలుగా రంధ్రం కావాలి. రంధ్రం పడితే గాలి పోతుంది. ఫ్రేజ్ మూత లోహంలోనుంచే రివెట్టును లేపాడు. మూత బిళ్ల వరుసగా అచ్చుల క్రిందికి పోతుంది. మొదటి అచ్చు నడుమ చిన్న బుడగవలె ఉబ్బిస్తుంది. తరువాతివి దానిని సన్నని బొడిపెగా మలుస్తాయి. మరొక అచ్చు తెరుచుకోవలసిన చోట గీతను నొక్కుతుంది. వేరుగా చేసిన రింగును బొడిపెకు తొడిగి, బొడిపె తల నలగగొడతారు. ఎక్కడా రంధ్రం లేదు.

ఇందులో కడు నేర్పుతో చేయవలసినది ఆ గీత. పానీయపు డబ్బా మూత మందం మిల్లీమీటరులో సుమారు అయిదో వంతు. గీత వద్ద మిగిలేది అందులో సగానికి అటూ ఇటూ. గీత కొంచెం లోతైతే పానీయంలోని వాయువు ఒత్తిడికి డబ్బా దుకాణంలోనే పగులుతుంది. కొంచెం పైపైన పడితే రింగు ఊడి చేతికి వస్తుంది గాని మూత తెరుచుకోదు. వెంట్రుకవాసి తేడా అనే మాట ఇక్కడ అక్షరాలా నిజం. ఉక్కుమూత అయితే గీత నొక్కినచోట పైపూత చెదిరి తుప్పు పట్టే ప్రమాదం ఉన్నది. కాబట్టి గీత మీద మరల పూత వేస్తారు.

రింగు భౌతికశాస్త్ర పాఠం కూడా. వేలు రింగును ఎత్తగానే దాని ముక్కు మూతకు ఆని ఆధారమవుతుంది. నడుమనున్న రివెట్టు పైకి లేస్తుంది. ఇది రెండవ రకపు తులాదండం. గీత కొద్దిగా చిట్లి గాలి బుస్సుమన్న మరుక్షణం రివెట్టే ఆధారంగా మారి, ముక్కు మూతను క్రిందికి నొక్కుతుంది. ఇది మొదటి రకపు తులాదండం. రెండు తులాదండాలను ఒకే రింగులో, ఒకే కదలికలో చూపే సాధనం ఉపాధ్యాయునికి ఇంత చౌకగా మరొకటి దొరకదు.

ఫ్రేజ్ పద్ధతి మూతలు 1962లో పిట్స్‌బర్గు నగరంలో సంతకు వచ్చాయి. అందులో ఒక లోపం ఉన్నది. లాగిన ముక్క పూర్తిగా ఊడి చేతికి వచ్చేది. జనం దానిని అక్కడే పారవేసేవారు. సముద్రతీరాలలో, ఉద్యానవనాలలో ఆ వాడి ముక్కలు కాళ్లు కోశాయి. 1975లో రేనాల్డ్స్ మెటల్స్ కంపెనీకి చెందిన డేనియల్ కజ్జిక్ మూతముక్క లోపలికి వంగి, రింగుతో సహా డబ్బాకే అంటి ఉండే విధానం రూపొందించాడు. నర్సీపట్నం పిల్లవాడు తెరిచినది ఆ విధానపు డబ్బానే. ముక్క పోకుండా డబ్బాకు కట్టివేయగలిగారు. డబ్బాయే పోకుండా కట్టివేసే ఉపాయం మాత్రం ఏ యంత్రమూ ఇవ్వలేదు.

కొండకూ డబ్బాకూ నడుమ

అల్యూమినియానికి మూలం బాక్సైటు. సుమారు నాలుగు టన్నుల బాక్సైటును శుద్ధిచేస్తే రెండు టన్నుల అల్యూమినా, దానినుండి ఒక టన్ను లోహం వస్తాయి. మిగిలేది ఎర్రని క్షారపు బురద. తూర్పు కనుమలలో, చింతపల్లి, జెర్రెల కొండల తలలమీద ఈ ఖనిజం ఉన్నది. ఆ ఖనిజాన్ని ఆశించి నర్సీపట్నానికి సమీపాన, మాకవరపాలెం మండలంలో ఆన్‌రాక్ అల్యూమినా కర్మాగారం వెలసింది.

షెడ్యూల్డు ప్రాంతాల భూములను గనులకై గిరిజనేతర ప్రైవేటు వారికి లీజుకు ఇవ్వరాదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాబట్టి రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వి, కర్మాగారానికి అందించాలని ఏర్పాటు జరిగింది. 2015 నవంబరులో 1,212 హెక్టార్ల అటవీభూమిని తవ్వకాలకు అనుమతిస్తూ 97వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు వెలువడింది. మన్యం కదిలింది. కొండ తల తీస్తే వాగులు ఎండుతాయనీ, కాఫీ, మిరియాల తోటలు పోతాయనీ, కొండ తమకు దేవతాస్థానమనీ గిరిజనులు వాదించారు. కర్మాగారం వస్తే బిడ్డలకు ఉద్యోగాలు దొరుకుతాయని మైదానంలో ఆశపడినవారూ లేకపోలేదు. వ్యతిరేకతకు తలవంచి ప్రభుత్వం ఉత్తర్వు అమలును నిలిపింది. 2019లో అది రద్దయింది. జెర్రెల కొండల ఖనిజం మాకవరపాలేనికి దిగలేదు.

కొండ నిలిచింది గాని, డబ్బాల వాడకం ఆగలేదు. ఈ కొండది కాకపోతే మరొక కొండ ఖనిజం కరుగుతుంది. అక్కడా వాగులుంటాయి, ఊళ్లుంటాయి.

ఒక చిన్న లెక్క

అయితే డబ్బాను తప్పుపట్టి ప్రయోజనం లేదు. దానిలో ఒక గొప్ప గుణం ఉన్నది: అల్యూమినియాన్ని ఎన్నిసార్లు కరిగించినా అల్యూమినియమే. పాత లోహాన్ని కరిగించటానికి, ఖనిజం నుండి కొత్త లోహం తీయటానికి పట్టే శక్తిలో అయిదు శాతం చాలు.

తరగతిలో వేయించదగిన లెక్క ఇది. ఒక ఖాళీ డబ్బా బరువు సుమారు 13 గ్రాములు. కొత్త లోహం కిలోకు విద్యుద్విశ్లేషణలోనే సుమారు 14 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. అనగా ఒక డబ్బా లోహానికి 0.18 యూనిట్లు. 9 వాట్ల దీపం క్రింద ఒక విద్యార్థి 20 గంటలు చదువుకోవచ్చు. దానికి పట్టే బాక్సైటు 50 గ్రాములకు పైమాటే. ఒక తరగతిలోని నలభైమంది తలా ఒక డబ్బా పారవేస్తే రెండు కిలోల కొండ పారవేసినట్టు.

నేడు ఆంధ్రప్రదేశ్‌లోనే, తిరుపతి జిల్లా శ్రీసిటీలో, బాల్ సంస్థవారి పానీయపు డబ్బాల కర్మాగారం ఉన్నది. ఖాళీ డబ్బాలను ఏరి, నలగగొట్టి, పాతసామాను దుకాణానికి చేర్చే బీదవారు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. కొండకు వారు చేసే మేలు వారికైనా తెలియదు. వీధిలో వారిని చూసి ముక్కు మూసుకునే పిల్లలకు ఈ సంగతి చెప్పవలసినది ఉపాధ్యాయులే.

ఏరు దాటి తెప్ప తగలేసే బుద్ధి మనది కాదని కిరసనాయిలు డబ్బాను కావడిగా మార్చిన పెద్దలు చూపారు. ఈ డబ్బాను కావడిగా మార్చలేము. కాని తిరిగి డబ్బాగా మార్చవచ్చు. అందుకు పిల్లవాడు చేయవలసినది కొద్దిపాటి పని. ఖాళీ డబ్బాను కిటికీలోనుంచి విసరక సంచిలో వేసుకోవాలి. చింతపల్లిలో దిగినప్పుడు దానిని ఏరుకునేవారి చేతికి ఇవ్వాలి. తెరవటంలో మిగిలిన శ్రమలో ఇది పదో వంతు కూడా కాదు.